గడప గడపకూ తిరిగిన నాయకత్వం

1991 జనాభా లెక్కలు తీసి చూస్తే ఒక అంకె దగ్గర కళ్లు ఆగిపోతాయి. దేశంలో 5 నుంచి 14 ఏళ్ల మధ్య వయసులో పనిచేస్తున్న పిల్లలు కోటీ 12 లక్షలకు పైగా ఉంటే, వారిలో 16 లక్షల 60 వేల మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. మరే రాష్ట్రంలోనూ అంతమంది లేరు. అప్పటికి రాష్ట్ర అక్షరాస్యత 44 శాతం. ఆడవాళ్లలో 33 శాతం కూడా లేదు. పశువుల వెంట తిరిగేవాళ్లు, ఆసాముల ఇళ్లలో జీతానికి ఉన్నవాళ్లు, ఇటుక బట్టీల్లో, పత్తి చేలల్లో, బీడీల చాటల ముందు కూర్చున్నవాళ్లు ఆ అంకెలో ఉన్నారు. తమ్ముడినో చెల్లెలినో చంకనేసుకుని ఇంటిపట్టునే ఉండిపోయిన ఆడపిల్లలను ఎవరూ లెక్కపెట్టలేదు. 2001 నాటికి రాష్ట్రంలో పనిచేసే పిల్లల సంఖ్య 13 లక్షల 60 వేలకు దిగింది. 2011 నాటికి ఇంకా బాగా పడిపోయింది. ఈ మార్పు ఒక్కరి గొప్ప కాదు. తండాలకూ గూడేలకూ బడులు రావడం, సంక్షేమ హాస్టళ్లు పెరగడం, 2003 నుంచి బడిలో మధ్యాహ్న భోజనం వండడం, కూలి రేట్లు పెరగడం, ఇలా ఎన్నో కలిసొచ్చాయి. అయితే ఈ కారణాలన్నీ ఏకరువు పెట్టేటప్పుడు మనం దాదాపు ఎప్పుడూ తలవని మనుషులు కొందరున్నారు. వాళ్లు పదో తరగతో ఇంటరో చదివి, ఊళ్లోనే ఉండిపోయిన యువతీ యువకులు.

పిల్లలను చేల నుంచి బడికి తెచ్చే ఈ పనికి పుట్టిల్లు రంగారెడ్డి జిల్లా. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించే శాంతా సిన్హా 1980ల్లో శ్రామిక విద్యాపీఠం తరఫున అక్కడి వెట్టి కూలీలతో పనిచేశారు. వెట్టిలో ఉన్నవాళ్లలో పిల్లలు చాలామంది ఉన్నారని ఆ క్రమంలోనే అర్థమైంది. విడిపించిన పిల్లల కోసం 1987లో ఒక శిబిరం పెట్టి, చదువు చెప్పి బడికి సిద్ధం చేశారు. ఆమె తాతగారు, చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి దీన్నే తన ప్రధాన కార్యక్రమంగా తీసుకుంది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. ఇదంతా చాలామందికి తెలిసిందే. ఆ సంస్థ ఊళ్లలోకి పంపింది మాత్రం పట్నం నుంచి వచ్చిన నిపుణులను కాదు. ఆ ఊళ్లవాళ్లనే. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో మొట్టమొదట బడి మెట్లెక్కినవాళ్లు. తల్లిదండ్రులు కూలికి పోతుంటే చదువుకున్నవాళ్లు. వాళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి సరిపెట్టుకోలేదు. ఊరు దేన్ని మామూలు సంగతిగా చూస్తుందో దాన్ని మార్చారు. సర్కారు బడి తన బాధ్యత నుంచి పక్కకు జరగకుండా పట్టుకున్నారు. యువత నడిపే ఏ కార్యక్రమమైనా కుటుంబాలకు నాలుగు కాలాలపాటు మేలు చేయాలంటే ఈ రెండూ ఉండి తీరాలని నా వాదన.

పని ఒక నోటు పుస్తకంతో మొదలయ్యేది. ఊళ్లో ప్రతి ఇంటికీ వెళ్లి ఆ ఇంటి పిల్లలందరి పేర్లు, వయసు, బడిలో ఉన్నారా లేదా, ఉంటే ఏ తరగతి, లేకపోతే ఏం చేస్తున్నారు అని రాసుకునేవాళ్లు. చూడ్డానికి చాలా చిన్న పని. కానీ ఆ పుస్తకాన్ని బడి హాజరు పట్టీ పక్కన పెడితే అసలు సంగతి బయటపడేది. పట్టీలో పేరుంటుంది, పిల్లవాడు గొర్రెల వెంట ఉంటాడు. ఒకటో తరగతిలో నలభై పేర్లుంటే ఐదో తరగతికి వచ్చేసరికి పది మిగులుతాయి. మిగతా ముప్పై మంది ఏమయ్యారని అడిగేవాళ్లు ఉండరు. పై అధికారి తనిఖీకి వస్తే పట్టీ చూసి పోతాడు. వాడలో పుట్టి పెరిగిన కుర్రవాడు వస్తే పట్టీతో పనిలేదు. ఏ ఇంటి పిల్ల ఏ చేలో ఉందో అతనికి తెలుసు. పరాయి ఊరి నుంచి వచ్చిన ఉద్యోగికి ఈ తెలివిడి రావాలంటే ఏళ్లు పడుతుంది. యువతకున్న మొదటి బలం ఇదే. వాళ్లకు ఊరు తెలుసు, ఊరికి వాళ్లు తెలుసు.

ఆ పుస్తకంలో ఎవరిని రాయాలన్న దానిలోనే పెద్ద నిర్ణయం దాగి ఉంది. 1986 నాటి బాల కార్మిక చట్టం ప్రమాదకరమని జాబితాలో చేర్చిన పనులనే నిషేధించింది. మేకలు కాయడం, కలుపు తీయడం, ఇంట్లో వంట చేసి చంటిపిల్లలను సాకడం ఆ జాబితాలో లేవు. అంటే మన పల్లెల్లో పనిచేసే పిల్లల్లో అత్యధికులు చట్టం కంటికి ఆనలేదు. ఎం.వి. ఫౌండేషన్ ఆ గీతను చెరిపేసింది. బడికి పోని ప్రతి పిల్లా బాల కార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడే అంది. ఈ నిర్వచనం మరీ మొండిదని కొందరు మేధావులు అన్నారు. ఊళ్లో తిరిగే పాతికేళ్ల కార్యకర్తకు మాత్రం ఇది ఎంతో ఆసరా అయింది. ఏ పని మంచిది, ఏ పని చెడ్డది, ఎన్ని గంటలైతే ఫర్వాలేదు అన్న వాదులాటలోకి అతను దిగనక్కర్లేదు. అతను అడిగేది ఒకటే ప్రశ్న: పిల్ల బడిలో ఉందా, లేదా?

ఇక గడప దగ్గరి మాట. "ఇద్దరిల ఒకడు బడికి పోతుండు, ఒకడు జీతముండు, గట్లనే నడుస్తది బిడ్డా" అని తండ్రి అంటాడు. "ఆడపిల్ల, చదివి ఏం జేస్తది" అని అవ్వ అందుకుంటుంది. ఆ కుటుంబం పిల్లవాడిని చూపించి ముందే అప్పు తెచ్చుకుని ఉంటుంది. ఒక్కసారి వెళ్లి నాలుగు మంచి మాటలు చెబితే తేలే వ్యవహారం కాదిది. మర్నాడు మళ్లీ వెళ్లాలి. వారం తర్వాత మళ్లీ వెళ్లాలి. ఈసారి పక్కింటివాళ్లను, పిల్లను బడిలో వేసిన మరో తల్లిని, వార్డు సభ్యురాలిని వెంట తీసుకెళ్లాలి. "అక్కా, నీ బిడ్డ కోసమే వచ్చినం" అని అరుగు మీద కూర్చోవాలి. ఆసామి దగ్గరికీ వెళ్లాలి. అతనితో తగవు పెట్టుకుంటే నష్టపోయేది ఆ కూలి కుటుంబమే. అందుకే అతన్ని దోషిగా నిలబెట్టకుండా, పిల్లను వదిలినందుకు పదిమందిలో పిలిచి శాలువా కప్పిన ఊళ్లున్నాయి. నిన్నటి దాకా పిల్లలను పనికి పెట్టుకున్నవాళ్లు శిబిరానికి బియ్యం ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఈ ఓపిక చూసి ఇది మెతకదనమని అనుకోకూడదు. ఒకే ఊళ్లో రేపు కూడా కలిసి బతకాల్సిన మనుషుల మధ్య న్యాయం నిలవాలంటే దారి ఇదే.

పన్నెండేళ్ల పిల్లను పని మాన్పించి ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే నాలుగు రోజులు కూడా ఉండదు. సిగ్గుతోనే పారిపోతుంది. అందుకని బ్రిడ్జి కోర్సు శిబిరాలు వచ్చాయి. కొన్ని నెలలపాటు అక్కడే ఉంచి, చదవడం, రాయడం, లెక్కలు నేర్పి, ఆ పిల్ల వయసుకు తగిన తరగతిలో నేరుగా చేర్చడం వాటి పద్ధతి. చదువు చెప్పినవాళ్లూ ఎక్కువగా ఊళ్ల నుంచి వచ్చిన యువతే. నిజమైన ఘర్షణ ఆ తర్వాత వచ్చేది. చేర్చుకునే నెల దాటిపోయిందంటారు. పుట్టిన తేదీ కాగితం తెమ్మంటారు. ఎప్పుడో మానేసిన బడి నుంచి టీసీ పట్టుకు రమ్మంటారు. అక్షరం రాని తల్లికి ఈ మూడూ మూడు కొండలు. ఆమె పక్కన నిలబడి హెడ్మాస్టరుతో, మండల విద్యాధికారితో మాట్లాడింది ఈ కార్యకర్తలే. 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యా హక్కు చట్టం తెరిచి చూడండి. వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతుంది. పుట్టిన తేదీ రుజువు లేదని, గడువు దాటిందని చేర్చుకోకుండా ఉండకూడదని 14, 15 సెక్షన్లు చెబుతాయి. టీసీ ఆలస్యమైందని బడిలో చేరడాన్ని ఆపకూడదని 5వ సెక్షన్ చెబుతుంది. మన ఊళ్ల గడపల దగ్గర, హెడ్మాస్టర్ల బల్లల ముందర రోజూ ఎదురైన చిక్కులకే దేశమంతటికీ వర్తించే జవాబులు ఆ సెక్షన్లలో ఉన్నాయి.

పేదరికం సంగతేమిటని వెంటనే ఎవరైనా అడుగుతారు. అడగాల్సిందే. పిల్ల తెచ్చే ఆ నాలుగు రూపాయలు ఆగిపోతే పొయ్యి వెలగని ఇల్లు ఉంటుంది. భర్త పోయిన తల్లి ఉంటుంది, మంచాన పడ్డ తండ్రి ఉంటాడు. వాళ్లకు నీతులు చెప్పడం క్రూరత్వం. కానీ ఒకే వాడలో, ఒకే కులంలో, ఒకే కూలి మీద బతికే రెండిళ్లను చూడండి. ఒక ఇంటి పిల్ల బడికి పోతుంది, పక్కింటి పిల్ల చేనుకు పోతుంది. పేదరికం ఒక్కటే కారణమైతే ఇద్దరూ చేనులోనే ఉండాలి. ఉత్తరాది రాష్ట్రాల్లో ఆర్థికవేత్తలు జరిపిన సర్వే ఒకటి 1999లో ప్రోబ్ నివేదికగా వచ్చింది. మగపిల్లలకు చదువు ముఖ్యమన్న తల్లిదండ్రులు నూటికి 98 మంది, ఆడపిల్లలకు ముఖ్యమన్నవారు 89 మంది ఉన్నారని అందులో తేలింది. కోరిక ఉంది. మరి అడ్డు పడింది ఏమిటి? పంపితే నిజంగా చదువొస్తుందా అన్న అనుమానం, బడిలో ఎదురయ్యే అవమానం, కాగితాల బెడద, నలుగురు చేసేదే మనమూ చేద్దామన్న అలవాటు. ఈ నాలుగింటినీ డబ్బుతోనే తీసేయలేం. మనిషి కావాలి. పిల్లలు చేలల్లోంచి తప్పుకుంటే పెద్దల కూలికి గిరాకీ పెరుగుతుందన్నది కూడా మరిచిపోకూడదు. సగం కూలికి దొరికే పదేళ్ల పిల్ల ఉన్నన్నాళ్లూ ఆమె తల్లికి నిండు కూలి రాదు. నిజంగా ఆధారం లేని ఇంటికి మాత్రం కార్యకర్త మాటతో కడుపు నిండదు. వితంతు పింఛను, రేషన్ కార్డు, హాస్టల్ సీటు ఇప్పించాలి. ఇలా ఇప్పించడం కూడా ఈ యువతీ యువకుల పనిలో భాగమే అయింది. అవి చేతికందని ఇళ్ల దగ్గర వాళ్లు ఓడిపోయారు కూడా.

పత్తి విత్తనం చేలల్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూస్తే ఈ వాదన ఇంకా తేటపడుతుంది. హైబ్రిడ్ పత్తి విత్తనం కావాలంటే ఒక రకం మొక్క పువ్వుకు ఇంకో రకం పుప్పొడిని చేత్తో అంటించాలి. గద్వాల వైపు దీన్ని సీడ్ పత్తి అంటారు, పనిని క్రాసింగ్ అంటారు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందు రోజు మధ్యాహ్నం దాటాక ఎంచుకుని, రేకులనూ కేసరాలనూ గోటితో జాగ్రత్తగా ఒలిచేస్తారు. తెల్లారాక మగ పువ్వు తెచ్చి, మిగిలిన ఆ సన్నని కీలం కొన మీద మెల్లగా రాస్తారు. ఒక్కో మొగ్గకూ ఇదే పని. ఎకరంలో లెక్కలేనన్ని మొగ్గలు. వారాల తరబడి, మందు కొట్టిన చేలో, వంగిన నడుం ఎత్తకుండా చేయాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పనికి వేలాదిగా ఆడపిల్లలను పెట్టారు. చిన్న వేళ్లయితే పువ్వు నలగదని, పొట్టివాళ్లయితే మొక్క ఎత్తుకు సరిపోతారని కారణాలు చెప్పారు. అసలు కారణం కూలి. కంపెనీ ఇచ్చే ధర ఆర్గనైజర్ అనే మధ్యవర్తి చేతుల మీదుగా రైతుకు చేరేసరికి పెద్దల కూలి కట్టే వీలు మిగల్లేదు. కాబట్టి తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లను ఆ పంట కాలమంతా రాయించుకున్నారు. పరిశోధకులు లెక్కలు బయటపెట్టి, 2000ల తొలి ఏళ్లలో కంపెనీల పేర్లు దేశ విదేశాల్లో చర్చకు వచ్చాక, ఒప్పందాల్లో పిల్లలను పెట్టకూడదన్న షరతు రాయక తప్పలేదు. కాగితం మీద షరతు రాయడం సులువు. ఏ చేలో ఎవరున్నారో గట్ల మీద నడిచి చూసి చెప్పాల్సింది ఊరి మనిషే. ఒక కుటుంబం కష్టం అనుకున్నది పెద్ద వ్యాపారపు లెక్క అని ఊరి యువతకు తెలిసిన రోజున, వాళ్ల ప్రశ్న తండ్రిని దాటి కంపెనీ దాకా పోయింది.

బడికి పంపించారు సరే, అక్కడ చదువేం వస్తోందని మరో ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి వాచకం తడుముకోకుండా చదవలేకపోతే తల్లిదండ్రుల నమ్మకం ఎన్నాళ్లుంటుంది? ఇక్కడా యువత చేయగలిగింది ఉంది. ముంబైలో ప్రథమ్ సంస్థ మొదలుపెట్టిన బాల్‌సఖి కార్యక్రమంలో హైస్కూలు చదువు ముగించిన స్థానిక యువతులు వెనుకబడిన పిల్లలను రోజూ రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి చదివించేవాళ్లు. వాళ్లకు నెలకు ఇచ్చింది 500 నుంచి 750 రూపాయలే. ముంబై, వడోదరలలో జరిపిన పరిశీలనలో ఈ పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో ప్రచురించింది. ఆ ఆడపిల్లల దగ్గర డిగ్రీలు లేవు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచే మొదలుపెట్టే ఓపిక ఉంది. అయితే ఇదే బృందం ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో చేసిన మరో పరిశీలన నా వాదనకు అంత సులువుగా లొంగదు. అక్కడ ఊరివాళ్లకు గ్రామ విద్యా కమిటీ గురించి, వాళ్ల హక్కుల గురించి, పిల్లల చదువు స్థితి గురించి సమావేశాలు పెట్టి చెప్పారు. బడి మీద ఒత్తిడి పెరగలేదు. టీచర్ల తీరు మారలేదు. అదే ఊళ్లలో యువకులకు శిక్షణ ఇచ్చి సాయంత్రం పూట చదువు శిబిరాలు పెట్టిస్తే మాత్రం, వచ్చిన పిల్లలు బాగా నేర్చుకున్నారు. కానీ వచ్చిన పిల్లలు నూటికి ఎనిమిది మందే.

కొందరు దీన్ని చూసి, యువతను పాఠాలు చెప్పడానికే వాడుకోండి, ఊరు బడిని ప్రశ్నిస్తుందన్న ఆశ వదిలేయండి అంటారు. నాకు అందులో కనబడేది వేరు. జౌన్‌పూర్‌లో జరిగింది సమావేశం. సమావేశం ముగిశాక చాప చుట్టేసి ఎవరిళ్లకు వాళ్లు వెళ్తారు. రంగారెడ్డి ఊళ్లలో జరిగింది ఏళ్ల తరబడి, అవే గడపల దగ్గర, అవే మనుషులు, అవే ప్రశ్నలు. బడిని అడిగే ధైర్యం ఒక సాయంత్రం చెబితే వచ్చేది కాదు. పక్కింటి పిల్ల హాస్టల్లో సీటు సంపాదించడం, నిన్న కసురుకున్న హెడ్మాస్టరు ఇవాళ కుర్చీ వేయడం కళ్లారా చూస్తే వస్తుంది. ఇంకో తేడా ఉంది. ఇక్కడ సర్కారు టీచర్లను శత్రువులుగా చూడలేదు. వాళ్లలో ముందుకొచ్చినవాళ్లు 1997లో బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి, యువతతో కలిసి పిల్లలను బడికి తెచ్చారు. ప్రశ్నించే యువకుడికి బడి లోపల ఒక్క మిత్రుడున్నా పని సగం అయినట్టే. ఇక శిబిరానికి నూటికి ఎనిమిది మందే వచ్చారన్న అంకె నాకు మరో మాట కూడా చెబుతుంది. సాయంత్రం శిబిరం ఎంత బాగున్నా, పిల్లలందరూ ఉండే చోటు పగటి బడే. దాన్ని వదిలి పక్కన ఎన్ని దీపాలు పెట్టినా వెలుగు కొందరికే.

యువతను చౌకగా వాడుకుంటున్నారన్న ఆరోపణ అన్నిటికన్నా బరువైంది. దీన్ని తేలిగ్గా తీసేయలేను. పిల్లలు బడికి పోటెత్తి టీచర్లు చాలనప్పుడు ఊరివాళ్లే చందాలేసుకుని చదువుకున్న కుర్రవాడిని పెట్టుకున్నారు. తర్వాత ప్రభుత్వం విద్యా వాలంటీర్ల పేరుతో దాదాపు అదే చేసింది. తాత్కాలికం అనుకున్నది ఏళ్లపాటు సాగింది. పక్క గదిలో టీచరు చెప్పే పాఠమే చెప్పి, అతని జీతంలో పిసరంత తీసుకుని, ప్రతి వేసవికీ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియక బతికినవాళ్లు ఎందరో. ఇది అన్యాయం. యువత ఉత్సాహం ప్రభుత్వ బడ్జెట్‌లో లోటు పూడ్చే వస్తువు కాకూడదు. టీచరు కావాల్సిన చోట టీచరునే వేయాలి. తిరిగే కార్యకర్తకు బతకడానికి సరిపడా భృతి ఇవ్వాలి, సేవ అనే మాట అడ్డం పెట్టుకుని ఎగ్గొట్టకూడదు. దీనికి మరో వైపు కూడా ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండున్నర లక్షల మందికి పైగా యువతను 50 ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5 వేల గౌరవ వేతనం మీద వాలంటీర్లుగా పెట్టుకుంది. పింఛన్లు గుమ్మం దగ్గరికే తెచ్చి ఇచ్చారు, ముసలివాళ్లకు మేలు జరిగింది. 2024లో ప్రభుత్వం మారింది, ఆ వ్యవస్థ ఆగిపోయింది. ఏ పార్టీ తప్పు, ఏ పార్టీ ఒప్పు అన్నది ఇక్కడ నా విషయం కాదు. పైనుంచి వచ్చిన ఉత్తర్వు మీద నిలబడిన పని, ఆ ఉత్తర్వుతోనే పోతుంది. ఊరి మనసులో నాటుకున్న అలవాటును ఏ ప్రభుత్వమూ రద్దు చేయలేదు.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా నేర్వాల్సిన పాఠం కాదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు వయసు అప్పటికి 24. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్యకు ఇంకా 24 నిండలేదు. వేటపాలెంలో సారస్వత నికేతనంగా మనకు తెలిసిన గ్రంథాలయం 1918లో హిందూ యువజన సంఘంగా మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవలోకెక్కించి కృష్ణా కాలువ వెంట కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య ఊళ్లకు పంపారు. వీళ్లందరూ పుస్తకం పంచి ఊరుకోలేదు. చదవడం ఊరందరి హక్కు, దాన్ని నడపడం ప్రభుత్వ బాధ్యత అనే దాకా తెచ్చారు. 1948లో మద్రాసు, 1955లో హైదరాబాద్, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయానికి వాటా ఏర్పడింది. ఇక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది. పన్నుతోపాటు ఆ సెస్సును వసూలు చేసిన స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు జమచేయకుండా బకాయిలు పెట్టాయి. పల్లెల్లో ఎన్నో పఠన మందిరాలు తాళాలు పడి ఉన్నాయి. చట్టం వచ్చిందని యువత ఇంటికి వెళ్లిపోతే జరిగేది ఇదే. చట్టం తెచ్చినవాళ్ల తర్వాతి తరం, దాన్ని అడిగే తరం కూడా ఉండాలి.

బడి విషయంలో ఆ తర్వాతి తరం అవసరం ఇప్పుడే ఎక్కువగా ఉంది. ఐదో తరగతి దాకా బడికి రాని పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో బాగా తగ్గారు. సమస్య పదిహేను, పదహారేళ్ల వయసుకు జరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల యువతుల్లో 18 నిండక ముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. పదో తరగతి దాటిన ఆడపిల్ల ముందు జూనియర్ కాలేజీ, దానికి వెళ్లే బస్సు, దారిలో భయం, పెళ్లి సంబంధం అన్నీ ఒకేసారి వచ్చి నిలబడతాయి. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఎందరో పిల్లలు మళ్లీ పనుల్లోకి జారిపోయారు. ఒకసారి గెలిచిన ఊరు ఎప్పటికీ గెలిచి ఉండదని అప్పుడు తెలిసొచ్చింది. పాలమూరు నుంచి వలస పోయే కుటుంబాలతోపాటు పోయే పిల్లలున్నారు. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లలున్నారు. వాళ్లకు మన హాజరు పట్టీలో చోటే లేదు, చాలాసార్లు మన భాషలో పాఠమూ అర్థం కాదు. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. కానీ బడి వేళలు కాని సమయంలో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో సాయపడవచ్చన్న మినహాయింపు ఇచ్చారు. బీడీలు ఇంట్లోనే చుడతారు. సీడ్ పత్తి కూడా సొంత చేలోనే అంటారు. ఆ మినహాయింపు చాటున ఏం జరుగుతోందో చూడగలిగేది పక్కింటి కన్నే.

విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చాలాచోట్ల అది సంతకాల పుస్తకంగానే ఉంది. ఊళ్లో చదువుకున్న అమ్మాయిలు, అబ్బాయిలు ఆ తల్లుల పక్కన కూర్చుని, వచ్చిన నిధులెన్ని, ఉన్న టీచర్లెందరు, మానేసిన పిల్లలెవరు అని చదివి వినిపిస్తే చాలు, అది కమిటీ అవుతుంది. దీనికి సంస్థ అక్కర్లేదు, విదేశీ నిధి అక్కర్లేదు, బ్యానర్ అసలే అక్కర్లేదు. జూన్‌లో బడులు తెరుచుకుంటాయి. ఆ వారం మీ వీధిలో ఇల్లిల్లూ తిరగండి. 5 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలందరి పేర్లూ ఒక నోటు పుస్తకంలో రాయండి. పట్టీలో ఉండి బడిలో లేనివాళ్ల పేర్ల కింద గీత గీయండి. ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లండి.